సింగిల్ స్టేజ్ ప్రెస్సు ఏదైనా సరే, ప్రైమర్ మాత్రం చేత్తోనే కూర్చోబెట్టండి

మీ ప్రశ్న సారాంశం ఇది. టెక్సాస్‌లో ఉంటున్నారు, గ్రీన్ కార్డు ఉంది. ఇంట్లో .308 కాలిబర్ (తూటా కొలత) బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి, .223 కాలిబర్ ఏఆర్-15 రైఫిల్ ఒకటి ఉన్నాయి. పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు, అంటే బ్రాస్ కేసులు, రెండేళ్లుగా పోగుచేశారు. ఇప్పుడు రీలోడింగ్, అంటే ఆ కేసుల్లో కొత్త ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న గిన్నె), పౌడర్ (మందు), బుల్లెట్ (బయటికి దూసుకెళ్లే ముక్క) పెట్టి మళ్లీ తూటాలు చేసుకోవడం, మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఆ పనికి వాడే సింగిల్ స్టేజ్ ప్రెస్సుల్లో (మీట లాగి కేసును నొక్కే యంత్రాల్లో) ఏది కొనాలి, ప్రెస్సుతోపాటే ప్రైమర్ ఎక్కించే ఏర్పాటు వస్తుంటే విడిగా చేతి పరికరం కొనడం దండగ కాదా అని అడిగారు.

దండగ కాదు. ప్రెస్సు గురించి మరీ తల బద్దలు కొట్టుకోకండి. పోత ఇనుముతో చేసిన మంచి ప్రెస్సు ఏది కొన్నా మీ పిల్లల కాలం దాకా వస్తుంది. ఒక ప్రెస్సుకూ ఇంకో ప్రెస్సుకూ ఉన్న తేడా మీ తూటాల్లో కనిపించడం చాలా అరుదు. ప్రైమర్ ఎలా కూర్చుందన్నది మాత్రం ప్రతి తూటాలోనూ కనిపిస్తుంది, ఒక్కోసారి ప్రమాదంగా కనిపిస్తుంది. అందుకే డబ్బు ఎక్కడ ఆదా చేసినా అక్కడ చేయవద్దంటాను.

పరికరాల కంటే ముందు చట్టం గురించి చెప్పాలి. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి వీసా చిక్కు లేదు. కానీ ఇది చదివే మనవాళ్లలో హెచ్1బి మీద, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. అమెరికా ఫెడరల్ చట్టంలోని 922(జి)(5)(బి) ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆ చట్టం దృష్టిలో పూర్తిగా తయారైన తూటా ఒక్కటే తూటా కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ వేటికవే ‘అమ్యునిషన్’ నిర్వచనం కిందికి వస్తాయి. కాబట్టి ‘తుపాకీ లేదు కదా, స్నేహితుడి కోసం ప్రైమర్ల పెట్టె ఒకటి మా గ్యారేజీలో ఉంచాను, అంతే’ అనే మాట చెల్లదు. సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. అమ్మడానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు, అంటే 06 రకం ఎఫ్ఎఫ్ఎల్ (ఫెడరల్ తుపాకీ లైసెన్సు), తీసుకోవాలి. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి.

ఇండియాలో ఉన్నవారికి కూడా ఒక మాట. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద తూటాల తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు ఉంది కదా అని ఇంట్లో ప్రెస్సు పెట్టుకుంటే కుదరదు. అలాగే, రేంజికి (తుపాకీ కాల్చే మైదానానికి) తీసుకెళ్లిన బ్యాగును హైదరాబాదు ప్రయాణానికి వాడేవాళ్లు దాని ప్రతి జేబూ, అడుగున ఉన్న కుట్టు సందులతో సహా వెతికి చూసుకోండి. బ్యాగులో మరచిపోయిన తూటా ఒకటి విమానాశ్రయంలో దొరికితే అక్కడే కేసు మొదలవుతుంది. ప్రైమర్లూ పౌడరూ విమానంలో ఏ రకంగానూ తీసుకెళ్లడానికి వీల్లేదు.

ఇక ప్రెస్సు దగ్గరికి వద్దాం.

సింగిల్ స్టేజ్ అంటే ప్రెస్సులో ఒకసారికి ఒకే డై (కేసును ఆకారానికి తెచ్చే అచ్చు) ఉంటుంది, ఒక్కసారి హ్యాండిల్ లాగితే ఒకే పని జరుగుతుంది. ముందు యాభై కేసులకూ సైజింగ్ చేసి, అంటే పేలినప్పుడు ఉబ్బిన కేసును మళ్లీ కొలతకు నొక్కి, పాత ప్రైమర్లు తీసేస్తారు. తర్వాత యాభైకీ కొత్త ప్రైమర్లు, ఆ తర్వాత యాభైకీ పౌడర్, చివరికి బుల్లెట్లు. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో ఇవన్నీ ఒకే లాగుడులో ఏకకాలంలో జరుగుతాయి కాబట్టి వేగం ఎక్కువ. కొత్తవారికి ఆ వేగమే చిక్కు. నాలుగు చోట్ల నాలుగు పనులు జరుగుతుంటే కన్ను దేని మీద నిలవాలి? సింగిల్ స్టేజ్‌లో ప్రతి మెట్టు దగ్గరా ఆగి చూసే వీలుంటుంది. పౌడర్ పోసిన యాభై కేసులు చెక్క బ్లాకులో వరసగా నిలబడి ఉంటాయి. టార్చి వేసి పైనుంచి చూస్తే ఒకదానిలో మట్టం ఎక్కువగా ఉన్నా, అసలు పోయకపోయినా ఇట్టే తెలిసిపోతుంది. బుల్లెట్ పెట్టకముందు ఈ తనిఖీ ఒక్కసారి కూడా మానకండి. పౌడర్ ఎంత, ఏ రకం అన్నది మాత్రం ఎవరి మాటా వినవద్దు, నా మాటతో సహా. పౌడర్ తయారీదారులు, బుల్లెట్ కంపెనీలు ప్రచురించిన పుస్తకాల్లో ఉన్నదే ప్రమాణం. అందులో చెప్పిన ప్రారంభ మోతాదు నుంచే మొదలుపెట్టాలి.

ఈ రంగంలో పాత పేరు ఆర్‌సీబీఎస్ రాక్ చకర్. ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఆ కంపెనీ పెట్టారు. యుద్ధకాలంలో వేటగాళ్లకు మంచి బుల్లెట్లు దొరకడం లేదు. రాక్ చక్ అని పిలిచే కొండ ఉడుతజాతి జంతువును వేటాడేవాళ్ల కోసం ఆయన బుల్లెట్లు చేసే డై ఒకటి తయారుచేశారు, కంపెనీ పేరూ (రాక్ చక్ బుల్లెట్ స్వేజ్) దాన్నుంచే వచ్చింది. నేను ఎక్కువ కాలం వాడింది ఈ ప్రెస్సే. చట్రం ఆంగ్ల అక్షరం ‘ఓ’ ఆకారంలో మూసి ఉంటుంది. అందువల్ల .308 కేసును పూర్తిగా సైజు చేసేటప్పుడు ఎంత బలం పెట్టినా చట్రం విచ్చుకోదు. ‘సీ’ ఆకారంలో ముందు తెరిచి ఉన్న చిన్న అల్యూమినియం ప్రెస్సుల్లో ఆ ఒత్తిడికి చట్రం కాస్త సాగుతుంది. కంటికి కనిపించదు గానీ కేసు భుజం (మెడ కింది వాలు భాగం) కొలత ఒక్కో కేసుకు ఒక్కో రకంగా వస్తుంది. అలాంటి చిన్న ప్రెస్సులు పనికిరావని కాదు. పాత ప్రైమర్లు తీయడానికి, పిస్టల్ కేసులకు అవి చక్కగా సరిపోతాయి.

రాక్ చకర్‌లో నాకు నచ్చనిది వాడిన ప్రైమర్ల సంగతి. అవి ర్యామ్ (కేసును పైకి తోసే దిమ్మె) పక్కనున్న గాడిలోంచి జారి ముందున్న చిన్న ప్లాస్టిక్ దొప్పలో పడాలి. కొన్ని పడతాయి, కొన్ని నేల మీదకు ఎగురుతాయి, వాటితోపాటు నల్లటి మసి కూడా. ఆ మసిలో సీసం ఉంటుంది. లీ క్లాసిక్ కాస్ట్‌లో ర్యామ్ లోపల బోలుగా ఉంటుంది. ప్రైమర్లు ఆ బోలులోంచి దిగి, అడుగున తగిలించిన ప్లాస్టిక్ గొట్టం గుండా డబ్బాలోకి పోతాయి. శుభ్రత దృష్టితో చూస్తే ఇది ఎంతో మేలు. ఇల్లు చిన్నదైతే, పిల్లలు పాకే ఇల్లయితే ఈ ఒక్క కారణం చేతనే నేను లీ క్లాసిక్ కాస్ట్ తీసుకోమంటాను. ధర కూడా పెద్ద కంపెనీల ప్రెస్సుల కంటే తక్కువే. లీ పేరు చూడగానే చవకరకమని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. ఈ ప్రెస్సు విషయంలో ఆ మాట అన్యాయం. పోత ఇనుము, దిట్టమైన ర్యామ్, వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఫోర్‌స్టర్ కో-యాక్స్ పూర్తిగా వేరే ఆలోచనతో చేసిన ప్రెస్సు. డైని మరతో బిగించరు, ముందునుంచి గాడిలోకి తోస్తారు, క్షణంలో మార్చుకోవచ్చు. డై, కేసు రెండూ కాస్త కదిలే వీలుండటంతో వాటంతట అవే ఒకే అక్షం మీదికి సర్దుకుంటాయి. చాలా కేసులకు విడిగా షెల్ హోల్డర్ (కేసు అడుగును పట్టే బిళ్ల) కూడా అక్కరలేదు, స్ప్రింగు దవడలు పట్టుకుంటాయి. ప్రైమర్లు నేరుగా కింద సీసాలోకి వెళ్తాయి. వాడి చూస్తే వదలబుద్ధి కాదు. కానీ ఖరీదు ఎక్కువ, దొరకడమూ కష్టం. అంత పెట్టి కొన్న తర్వాత కొలతలకూ ప్రైమర్ పరికరానికీ డబ్బు మిగలకపోతే అది తప్పు బేరం. హార్నడీ లాక్-ఎన్-లోడ్ క్లాసిక్, రెడ్డింగ్ బిగ్ బాస్ కూడా మంచివే. హార్నడీలో బుషింగ్ (డైకి తొడిగే కట్టు) తిప్పి డై మార్చే పద్ధతి మీలా రెండు కాలిబర్లు వాడేవారికి అనుకూలం. రెడ్డింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పడానికి ఏమీ లేదు, నమ్మకంగా పనిచేస్తుంది.

డైలు ఏ కంపెనీవైనా కలిపి వాడుకోవచ్చు. 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్ల మర దాదాపు అందరికీ ఉమ్మడి కొలత. షెల్ హోల్డర్లు కూడా చాలావరకు ఒకదాని ప్రెస్సులో ఇంకొకటి పడతాయి, కానీ వాటి నంబర్లు కంపెనీకొక రకం. .308కి ఆర్‌సీబీఎస్‌లో 3వ నంబరు, లీలో 2, హార్నడీలో 1. .223కి అదే వరసలో 10, 4, 16. నంబరు చూసి తొందరపడి కొని, ఇంటికొచ్చాక పట్టక తలపట్టుకునేవాళ్లు చాలామంది.

ప్రెస్సు ఎంత గట్టిదైనా బల్ల ఊగితే ఫలితం సున్న. మామూలు కంప్యూటర్ టేబుల్ మీద ప్రెస్సు బిగించవద్దు. రెండు పొరల దళసరి ప్లైవుడ్ పలక, గోడ దుంగకు బోల్టులతో బిగింపు, ప్రెస్సు కింద ఒక ఉక్కు పట్టీ. అద్దె ఇంట్లో గోడకు బిగించలేకపోతే బల్ల అడుగు అరలో బరువులు పేర్చండి.

ఇప్పుడు అసలు సంగతి, ప్రైమర్.

ప్రైమర్ అంటే చిన్న లోహపు గిన్నె. దానిలో దెబ్బకు అంటుకునే మందు, ఆ మందుకు ఎదురుగా అన్విల్ అనే చిన్న రేకు. అన్విల్ కాళ్లు గిన్నె అంచుకంటే కొద్దిగా బయటికి వచ్చి ఉంటాయి. కేసు అడుగున ఉన్న గుంటలోకి ప్రైమర్‌ను నొక్కినప్పుడు ఆ కాళ్లు ముందు గుంట అడుగును తాకాలి. ఆ తర్వాత ఇంకొంచెం నొక్కితే అన్విల్ లోపలికి జరిగి మందును వెంట్రుకవాసి అదిమిపెడుతుంది. అప్పుడే ఫైరింగ్ పిన్ (ట్రిగ్గర్ లాగితే ప్రైమర్‌ను కొట్టే సూది) దెబ్బ మొత్తం మందు మీద పడుతుంది. కాళ్లు అడుగుకు ఆనకుండా ప్రైమర్ మధ్యలోనే ఆగిపోయిందనుకోండి, పిన్ దెబ్బలో సగం బలం ప్రైమర్‌ను ముందుకు తోయడానికే ఖర్చయిపోతుంది. మొదటి దెబ్బకు పేలదు, అదే తూటాను మళ్లీ పెట్టి కొడితే పేలుతుంది. రేంజిలో ఎవరైనా ‘రెండో దెబ్బకు పేలుతున్నాయి, ఈ ప్రైమర్ల కంపెనీ మంచిది కాదు’ అంటే నేను ముందు ఆయన ఏ పరికరంతో కూర్చోబెడుతున్నారో అడుగుతాను.

ప్రెస్సు హ్యాండిల్ పొడవాటిది, దాని వెనుక మీటల బలం ఉంటుంది. .308 కేసును పిండి సైజుకు తేవడానికి ఆ బలం కావాలి. అదే బలంతో ప్రైమర్‌ను తోస్తే మీ చేతికి ఏమీ తెలియదు. ప్రైమర్ మెత్తగా వెళ్లిందా, బిగుతుగా వెళ్లిందా, అడుగుకు ఆనిందా, అంచుకు తగిలి వంకరపోయిందా అన్నీ హ్యాండిల్‌కు ఒకేలా ఉంటాయి. వంటింట్లో పాకం పట్టేవారు దాన్ని వేళ్ల మధ్య పట్టి చూసి తీగ వచ్చిందో లేదో చెబుతారు కదా, ఆ వేళ్లకు మందపాటి తొడుగు వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

చేతి పరికరంలో ఏమవుతుందో చెబుతాను. కేసును షెల్ హోల్డర్‌లోకి జారుస్తారు. పిడిని బొటనవేలితోనో అరచేతితోనో నొక్కుతారు. మొదట వట్టి ప్రయాణం, ఏ అడ్డూ ఉండదు. తర్వాత ప్రైమర్ అంచు గుంట నోటికి తగిలినచోట ఒక చిన్న గట్టుదనం. అది దాటాక నునుపుగా, ఒకే ఒత్తిడితో లోపలికి జారుతుంది. చివర్లో కాళ్లు అడుగును తాకగానే ప్రయాణం చటుక్కున నిలిచిపోతుంది. ఆ నిలిచిన చోటు తెలిసిన తర్వాత కొంచెం, చాలా కొంచెం నొక్కాలి. అంతే. కొన్ని పదుల కేసులు చేసేసరికి ఈ నాలుగు దశలు వేలికి కంఠతా వస్తాయి. అప్పటినుంచి ఏ ఒక్కటి తేడాగా ఉన్నా చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

ఆ తేడాలు ఊరికే రావు, ఒక్కోటి ఒక్కో కబురు చెబుతుంది. గుంటలోకి అసలు అడ్డు లేకుండా జారిపోయిందంటే ఆ కేసు అడుగు సాగిపోయిందని అర్థం. ఎక్కువ ఒత్తిడి గల తూటాలుగా చాలాసార్లు పేల్చిన కేసుల్లో ఇది జరుగుతుంది. ఆ కేసును వాడవద్దు, నోటిని ప్లయర్‌తో నొక్కి పాడుచేసి తుక్కు డబ్బాలో వేయండి, లేకపోతే మళ్లీ ఏదో రోజు మంచివాటిలో కలుస్తుంది. ఒకే సంచిలో వరసగా మూడు నాలుగు అలా వచ్చాయంటే ఆ లోడు (పౌడర్ మోతాదు) గురించే ఆలోచించాలి. చివర్లో చటుక్కున ఆగకుండా మెత్తగా ఆగితే గుంట అడుగున పాత మసి పేరుకుని ఉంది. నోటి దగ్గరే మొరాయిస్తే గుంట అంచును లోపలికి నొక్కిన మిలిటరీ క్రింప్ ఉంది. ఇవేవీ ప్రెస్సు హ్యాండిల్ మీకు చెప్పదు. ఇందుకే విడిగా కొనమంటున్నాను.

క్రింప్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ .223 కేసుల్లో సగం పైగా 5.56 (.223కి సైనిక రూపం) మిలిటరీ కేసులే అయి ఉంటాయి. అడుగున ఎల్‌సీ అక్షరాలు, వలయంలో శిలువ గుర్తు ఉంటే లేక్ సిటీ కర్మాగారానివి. మెషిన్ గన్ అదురుకు ప్రైమర్ ఊడి రాకుండా సైన్యం కోసం గుంట అంచును లోపలికి నొక్కుతారు. పాత ప్రైమర్ తీసేశాక కూడా ఆ అంచు అలాగే మిగులుతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే గుంట చుట్టూ సన్నని వలయంలా కనిపిస్తుంది. దాన్ని స్వేజింగ్ పరికరంతో నొక్కి సరిచేయాలి, లేదా రీమర్‌తో గీసి తీయాలి. రీమర్‌తో తీసేటప్పుడు అంచు మీద కాస్త వాలు వచ్చేదాకా చాలు. ఎక్కువ గీస్తే గుంట వదులై కేసు పనికిరాకుండా పోతుంది. ఆ పని చేయకుండా బలం పెట్టి ప్రైమర్‌ను తోస్తే అది పక్కకు నలిగి, అంచు చీరుకుపోయి, ఒక్కోసారి అక్కడే పేలుతుంది. ప్రెస్సు హ్యాండిల్‌కు ఆ పని చేసేంత బలం ఉంది. చేతి పరికరానికి లేదు, ముందే మొరాయిస్తుంది.

లోతు సంగతి. బాగా కూర్చున్న ప్రైమర్ కేసు అడుగు మట్టం కంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలని సాధారణంగా చెబుతారు. కొలవడానికి క్యాలిపర్ (సన్నని కొలతలు తీసే పరికరం) వెనుక కడ్డీ సరిపోతుంది. కానీ ప్రతి కేసుకూ మీరు చేయవలసింది అంతకంటే తేలిక. బొటనవేలి కొసతో అడుగును ఒకసారి రాసి చూడండి. చిన్న పల్లం తగలాలి. మట్టంగా ఉందనిపించినా అనుమానించండి, ఎత్తుగా తగిలితే వేరే పెట్టండి. బల్ల మీద నిలబెట్టినప్పుడు కేసు అటూ ఇటూ ఊగినా ప్రైమర్ ఎత్తుగా ఉన్నట్టే.

ఎత్తు ప్రైమర్ బోల్ట్ యాక్షన్‌లో ఎక్కువగా చికాకుతో పోతుంది, బోల్టు (తూటాను లోపలికి తోసి వెనుక మూసే కడ్డీ) బిగుతుగా పడుతుంది లేదా తూటా పేలదు. మీ ఏఆర్-15లో అది వేరే కథ. ఏఆర్‌లోనూ, పాత సైనిక రైఫిల్ ఎం1 గరాండ్‌లోనూ ఫైరింగ్ పిన్‌ను వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగు లేదు. బోల్టు ముందుకు దూసుకొచ్చి ఆగిన ప్రతిసారీ పిన్ తన వేగంతోనే ప్రైమర్‌ను తేలికగా తాకుతుంది. ఒక తూటాను ఛాంబర్‌లోకి (గొట్టం వెనుక తూటా కూర్చునే అరలోకి) ఎక్కించి, పేల్చకుండా బయటికి తీసి చూస్తే ప్రైమర్ మీద సూదిమొన అంత చుక్క కనిపిస్తుంది. ప్రైమర్ సరిగ్గా లోపలికి ఉంటే ఆ చుక్కతో పోతుంది. ఎత్తుగా ఉంటే, పైగా సున్నితమైన రకమైతే, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలవచ్చు. బోల్టు పూర్తిగా బిగిసేలోపు పేలితే తుపాకీ ముక్కలవుతుంది, మీ ముఖం దానికి అంగుళాల దూరంలో ఉంటుంది. సైన్యపు నిర్దేశాలకు తగ్గట్టు చేసిన ప్రైమర్లు దొరుకుతాయి, సీసీఐ కంపెనీలో చిన్న రైఫిల్ రకానికి 41, పెద్దదానికి 34 నంబర్లు. ఏఆర్ కోసం నేను 41 వాడతాను. అవి ఎత్తుగా కూర్చోబెట్టిన తప్పును క్షమిస్తాయని మాత్రం అనుకోకండి.

ఇక ఏ పరికరం కొనాలి? లీ కంపెనీ చేతి పరికరంతో ఎంతోమంది మొదలుపెట్టారు. తేలిక, చవక, స్పర్శ చాలా బాగా తెలుస్తుంది. పళ్లెంలో ప్రైమర్లు పోసి అటూ ఇటూ మెల్లగా ఊపితే పళ్లెంలోని గాడుల వల్ల అవన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. ఇబ్బందల్లా, దీని పాత నమూనాలకు ప్రెస్సు షెల్ హోల్డర్ పట్టదు, దానికంటూ విడి సెట్టు కావాలి. ఆర్‌సీబీఎస్ చేతి పరికరానికి మామూలు షెల్ హోల్డరే సరిపోతుంది. కూర్చోబెడుతున్న ప్రైమర్‌కూ పళ్లెంలోని మిగతావాటికీ మధ్య అడ్డుగా ఒక చిన్న గేటు పడుతుంది. ఒకటి పొరపాటున పేలినా పళ్లెమంతా పేలకుండా ఉండటానికి అది. మీకు నేను చెప్పేది ఇదే. షెల్ హోల్డర్లు రెట్టింపు కొనే పని తప్పుతుంది, ఆ గేటు విలువా తక్కువది కాదు.

ఒక పూట వందల కేసులు చేసేవారికి, వేళ్ల కీళ్లు నొప్పులున్నవారికి చేతి పరికరం కష్టం. అలాంటివారు బల్లకు బిగించే ప్రైమర్ పరికరం తీసుకోవాలి. దాని మీట పొట్టిది, పనిచేసేది ప్రైమర్‌ మీద మాత్రమే, కాబట్టి స్పర్శ చేతి పరికరం అంత కాకపోయినా ప్రెస్సు కంటే చాలా మెరుగ్గా తెలుస్తుంది. లోతును వెయ్యోవంతు అంగుళాల్లో మెట్లుగా మార్చుకునే ఖరీదైన పరికరాలూ ఉన్నాయి. వెయ్యి గజాల పోటీల్లో కాల్చేవారికి అవి పనికొస్తాయి. మీకు ఇప్పుడు అవసరం లేదు.

ప్రెస్సు మీద ప్రైమర్ ఎక్కించడం అన్ని సందర్భాల్లోనూ తప్పని అనను. కో-యాక్స్ పైభాగంలో ఉన్న ఏర్పాటు ప్రైమర్‌ను నిర్దిష్టమైన లోతులోనే ఆపుతుంది. లీ ర్యామ్ ప్రైమ్‌లో ప్రైమర్లను ఒక్కొక్కటే చేత్తో పెట్టాలి, నెమ్మది వల్ల తప్పులు తగ్గుతాయి. పది ఇరవై కేసులే చేసేవారికి చాలు.

ప్రైమర్లు రెండు వ్యాసాల్లో వస్తాయి, చిన్నవి 0.175 అంగుళం, పెద్దవి 0.210. మామూలుగా .223కి చిన్న రైఫిల్, .308కి పెద్ద రైఫిల్ ప్రైమర్. కానీ .308లో చిన్న ప్రైమర్ గుంటతో చేసిన పోటీ కేసులు కూడా ఉన్నాయి, రేంజిలో ఏరుకున్న వాటిలో కలిసి వస్తాయి. పిస్టల్ ప్రైమర్లను రైఫిల్‌కు వాడకూడదు, వాటి గిన్నె పలుచన. పెద్ద రకంలో ఎత్తు కూడా వేరు. బల్ల మీద ఒకసారికి ఒకే రకం పెట్టె ఉంచండి. పళ్లెంలో మిగిలినవి ఏ పెట్టెలోంచి తీశారో అందులోకే వెళ్లాలి. గుర్తు తెలియనివి వాడకండి.

మరో చిన్న సంగతి. విదేశీ సైనిక కేసుల్లో కొన్ని బెర్డాన్ రకం, లోపల మధ్యలో ఒక రంధ్రానికి బదులు పక్కలకు రెండు చిన్న రంధ్రాలుంటాయి. బెర్డాన్ అమెరికా వాడు, ఆయన పద్ధతి యూరప్‌లో పాతుకుపోయింది. బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి, ఆయన పద్ధతి అమెరికాలో స్థిరపడింది. మన డైలన్నీ బాక్సర్ కోసమే చేసినవి. బెర్డాన్ కేసు పెడితే డై మధ్యలోని సూది విరుగుతుంది. సైజింగ్‌కు ముందు ప్రతి కేసులోకి టార్చి వేసి చూస్తే ఇబ్బంది ఉండదు. ట్యూమ్లర్‌లో (కేసులను శుభ్రం చేసే యంత్రంలో) వేసిన మొక్కజొన్న కండె పలుకులు రంధ్రంలో ఇరుక్కుని ఉంటే అవీ అప్పుడే కనిపిస్తాయి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వీటిలో దేనికీ మినహాయింపు లేదు. ప్రైమర్లు చేతిలో ఉన్నంతసేపూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. కేసులో పౌడర్ పోసి బుల్లెట్ పెట్టిన తర్వాత ప్రైమర్ ఎత్తుగా ఉందని గమనిస్తే దాన్ని మళ్లీ నొక్కవద్దు, ఎప్పటికీ వద్దు. ముందు బుల్లెట్ లాగి, పౌడర్ తీసేసి, ఆ తర్వాతే ఆలోచించాలి. మొరాయించిన ప్రైమర్‌తో బలప్రయోగం వద్దు, ఆ కేసును పక్కన పెట్టండి. ప్రైమర్లను సీసాల్లోకి, డబ్బాల్లోకి పోసి దాచవద్దు. ఒకటి పేలితే పక్కవన్నీ ఒకేసారి పేలతాయి, అప్పుడు అది బాంబే. కంపెనీవారు ఇచ్చిన, ఒక్కో ప్రైమర్‌కు ఒక్కో గది ఉన్న పెట్టెలోనే ఉంచాలి. కొన్ని పరికరాల సూచనల కాగితంలో ఫలానా కంపెనీ ప్రైమర్లు వాడవద్దని రాసి ఉంటుంది. అది వ్యాపార పోటీ కాదు, ఆ ప్రైమర్లు మరింత సున్నితమైనవని చెప్పడం. ఇళ్లలో నిల్వకు అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 495 చెప్పే హద్దు 10,000 ప్రైమర్లు. పౌడర్‌ను దాని అసలు డబ్బాలోనే ఉంచాలి, 20 పౌన్ల వరకు. మీ నగరం నిబంధన ఇంకా తక్కువ చెప్పవచ్చు.

సీసం గురించి కూడా తేలిగ్గా తీసుకోకండి. ప్రైమర్ మందులో సీసపు సమ్మేళనం ఉంటుంది, పేలిన తర్వాత గుంటలో మిగిలే మసి అదే. ప్రైమర్లు తీసిన బల్ల మీద టీ కప్పు పెట్టవద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, ఆ బట్టలతో పిల్లలను ఎత్తుకోకుండా మార్చుకోండి. పొడి ట్యూమ్లర్ ఇంట్లో తిప్పితే ధూళి గాల్లో తేలుతుంది. దాన్ని గ్యారేజీ తలుపు తీసి తిప్పండి, లేదా నీళ్లతో కడిగే రకం వాడండి. చిమ్మేటప్పుడు చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి.

మీ డబ్బుతో నేనైతే ఇలా కొంటాను. లీ క్లాసిక్ కాస్ట్ లేదా వాడిన రాక్ చకర్ ఒకటి. రెండు కాలిబర్లకూ పూర్తి సైజింగ్ డైలు, ఏఆర్‌కు కేసు మెడ (బుల్లెట్‌ను పట్టే భాగం) మాత్రమే సైజు చేస్తే సరిపోదు. ఆర్‌సీబీఎస్ చేతి ప్రైమర్ పరికరం. మంచి తూకం, క్యాలిపర్, రెండు కాలిబర్ల కేస్ గేజీలు (కేసు కొలత సరిచూసే అచ్చులు), క్రింప్ తీసే పరికరం, రెండు కంపెనీల లోడ్ పుస్తకాలు. వీటి తర్వాత డబ్బు మిగిలితేనే ఖరీదైన ప్రెస్సు గురించి ఆలోచించండి. ప్రైమర్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర వస్తువుల రుసుము విడిగా వేస్తారు. ఒక్క పెట్టె కోసం అది కట్టడం నష్టం, స్నేహితులతో కలిసి తెప్పించుకోండి లేదా దగ్గరి దుకాణంలో కొనండి. 2020 తర్వాత వచ్చిన కొరతలో ధరలు ఎంత పెరిగాయో చూసినవాళ్లం కాబట్టి, దొరికినప్పుడు ఒక ఏడాదికి సరిపడా హద్దుకు లోబడి ఉంచుకోవడం తెలివైన పని.

వాడిన ప్రెస్సు కొంటే మూడు చూడండి. ర్యామ్‌ను పైకి లేపి వేళ్లతో పక్కకు ఊపితే ఆడకూడదు. డై పట్టే మరలో తుప్పు, విరిగిన చుట్లు ఉండకూడదు. హ్యాండిల్ అడుగున ఉండే లింకుల పిన్నులు అరిగి ఉంటే చప్పుడు చేస్తాయి, అవి కొత్తవి వేసుకోవచ్చు. పైన రంగు పోయిందని బేరం వదులుకోకండి. దానితోపాటు పాత యజమాని ప్రైమర్లో పౌడరో ఉచితంగా ఇస్తానంటే మాత్రం, డబ్బా సీలు తీసి ఉంటే తీసుకోవద్దు.